వంత పాడినవాళ్ళు

మూడేళ్ళ కిందట నేను రాసిన ఒక సమీక్షను ముందుగా ప్రస్తావించక తప్పదు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో తిరుగుతూ పాడే ఒక ప్రజాకళాదళం తన పాటల్ని పుస్తకంగా వేసింది. నలభై ఆరు పాటలు, చౌక కాగితం, ముఖచిత్రం మీద డప్పు. వస్తువులోని నిబద్ధతను మెచ్చుకుని, శిల్పం దగ్గరికి వచ్చేసరికి బెత్తం తీశాను. నేను పట్టిన ప్రధానమైన దోషం పునరుక్తి. చరణంలో భావం ఒక మెట్టు పైకి ఎక్కగానే పల్లవి దాన్ని మళ్ళీ కిందికి లాగుతోందనీ, చెప్పిందే చెబుతున్నారనీ, కొత్త ప్రతీక ఒక్కటీ పుట్టటం లేదనీ రాశాను. పునరుక్తిని గుర్తుపట్టటం పెద్ద విద్యేమీ కాదు. ఎం.ఏ.లో నాకు మంచి మార్కులు తెచ్చిపెట్టిన పేపరు అలంకారశాస్త్రమే.

సమీక్ష వచ్చిన వారానికి దళం బాధ్యుడు ఫోన్ చేశాడు. నిష్ఠూరమాడలేదు. "మాస్టారూ, మీరు మా పుస్తకం చదివారు, పాట వినలేదు. ఒక రోజు మా బండెక్కండి" అన్నాడు. వస్తానన్నాను. పరీక్షలనీ, స్పాట్ వాల్యుయేషననీ, శిక్షణ తరగతులనీ మూడేళ్ళు గడిపాను. పాట మీద రాయటానికి తీరిక దొరికిన మనిషికి పాట వినటానికి దొరకలేదు. చివరికి 2025 ఫిబ్రవరి 16, ఆదివారం పొద్దున ఆరున్నరకి తెనాలిలో వాళ్ళ టాటా ఏస్ ఎక్కాను.

దళంలో ఎనిమిది మంది. బాధ్యుడు హార్మోనియం వాయిస్తాడు. మిగతా రోజుల్లో ఇన్సూరెన్సు ఏజెంటు. ఇద్దరు డప్పులవాళ్ళు. వాళ్ళలో పెద్దాయనకు అరవై దాటాయి, ఆయన్ని అందరూ 'పెదనాన్నా' అంటారు. ఒక డోలక్. ముగ్గురు వంత. ముందుండి పాడే అమ్మాయి నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. స్కూల్లో ప్రార్థన పాడేది. ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తూ సెలవు రోజున పాడుతుంది. నన్ను చూసి "సార్, ఇవాళ మా మీద నోట్స్ రాస్తారా?" అంది. వెనక వరసలోంచి ఎవరో "మార్కులు కూడా వేస్తారు" అన్నారు. అందరూ నవ్వారు. నా సమీక్ష వాళ్ళు చదివారని అర్థమయింది.

తెనాలి నుంచి బయల్దేరటంలో నాకొక చిన్న తృప్తి వుంది. 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగిన వూరు అది. ప్రజానాట్యమండలి పుట్టింది కూడా ఆ ఏడే. ఒకే ఏడు, ఒకే గాలి. అయినా ఎనభై ఏళ్ళలో రాసేవాళ్ళూ పాడేవాళ్ళూ ఒకే బండిలో ఎన్నిసార్లు కూచున్నారని లెక్క తీస్తే మనకు గర్వకారణంగా వుండదు.

గుంటూరు దాటాక బండిలో ఒక మాట వచ్చింది. వంత పాడే ముగ్గురిలో చిన్నవాడు డిగ్రీ చదువుతున్నాడు. కాలేజీలో ఎవరో "నువ్వేం చేస్తావురా దళంలో?" అని అడిగితే "వంత పాడతాను" అన్నాడట. క్లాసంతా నవ్వారట. ఎందుకు నవ్వారో మనకు తెలుసు. పత్రికల్లో రోజూ చదువుతున్నాం: ఫలానా నాయకుడు అధికార పక్షానికి వంత పాడుతున్నాడు, ఫలానా పత్రిక ప్రభుత్వానికి వంత పాడుతోంది. వంత పాడటమంటే సొంత బుద్ధి లేక అవుననటం. ఎప్పుడు స్థిరపడిందీ అర్థం? బుర్రకథ పక్కన నిలబడి డక్కీ కొట్టిన మనిషి పనిని తిట్టుగా మార్చిన భాష ఎవరిది? భాష తనంత తాను మారదు. ఎవరి పనికి విలువ లేదని సమాజం అనుకుంటుందో వాళ్ళ పని పేరే తిట్టుగా మారుతుంది. కులవృత్తుల పేర్లు ఏమయ్యాయో చూస్తే చాలు.

తాడికొండ దగ్గర పొన్నెకల్లు వైపు బండి మళ్ళించమని అడిగింది నేనే. షేక్ నాజర్ 1920లో పుట్టిన వూరు అది. దూదేకుల కుటుంబం. ఆయన ఆత్మకథ పేరే 'పింజారి'. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో వెళ్ళిపోయాడు. వూళ్ళో టీ తాగి పది నిమిషాలు నిలబడ్డాం, అంతే. చూడటానికి ఏమన్నా వుండాలని పోలేదు. టీ తాగుతూ పెదనాన్న ఒక మాట అన్నాడు. నేను ఎం.ఏ.లో చదివిన బుర్రకథ పాఠం మొత్తం ఆ మాట ముందు చిన్నదయింది. "కథ చెప్పేవాడికి ముందుకి చూట్టమే పని. పక్కవాళ్ళు జనాన్ని చూస్తారు."

ఆలోచించండి. బుర్రకథలో కథకుడు తంబుర భుజాన వేసుకుని, వేలికి అందెలు తొడుక్కుని, ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. అటూ ఇటూ ఇద్దరు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. పాఠ్యపుస్తకాలు ఇంతవరకే చెబుతాయి. హాస్యగాడు నవ్విస్తాడు, రెండో వంత సమకాలీన విషయాలు చెబుతాడు అని. కానీ నిర్మాణం దృష్టితో చూస్తే వీళ్ళిద్దరూ కథకుడికి ప్రతిధ్వనులు కారు. కథ పరుగెత్తుతుంటే ఆపి "అదేంటి గురువా?" అని అడిగేవాడు ఒకడు. రాజుల కాలం నాటి అన్యాయాన్ని పట్టుకుని "ఇప్పుడు మాత్రం ఏమయింది?" అనేవాడు ఇంకొకడు. ప్రేక్షకుడి నోట్లో వున్న ప్రశ్నను వేదిక మీదికి తెచ్చేది వంత. నిజం చెప్పాలంటే విమర్శకుడి స్థానం అదే. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేతికి తీసుకున్నప్పుడు దానిలో కొత్తగా పెంచింది ఈ ప్రశ్నించే గుణాన్నే. పాలకులకు కోపం తెప్పించింది కూడా పాత వీరగాథ కాదు, దాని మధ్యలో పడ్డ ప్రశ్న.

నాజర్ పేరు మనందరికీ తెలుసు. ఆయన పక్కన నిలబడినవాళ్ళ పేర్లు మా స్టాఫ్ రూములో అడిగి చూడండి. నన్ను కూడా అడగొచ్చు, తల దించుకుంటాను.

ఇక్కడ నా సమీక్ష దగ్గరికి తిరిగి వస్తాను. మన పాటల పుస్తకాల్లో పల్లవి ఎలా అచ్చవుతుంది? మొదట ఒకసారి పూర్తిగా వేస్తారు. ఆ తర్వాత ప్రతి చరణం చివరా రెండు నిలువు గీతలు, మధ్యలో పల్లవి మొదటి మాట, మళ్ళీ రెండు నిలువు గీతలు. కాగితం పొదుపు. వంత మొత్తం ఆ గీతల మధ్య ఇరుక్కుని వుంటుంది. నేను సమీక్షించింది ఆ గీతల్ని. కళ్ళతో చదివేవాడికి అవి అడ్డంగానే వుంటాయి మరి.

సత్తెనపల్లి రోడ్డు పట్టి పదకొండు గంటలకి మొదటి కార్యక్రమానికి చేరాం. ఒక పట్టణంలో కల్యాణమండపం, ఒక సంఘం సభ. దళానికి ఇరవై నిమిషాలు ఇచ్చారు. వక్తలు ఎక్కువమంది వున్నారు కాబట్టి పది నిమిషాలకు కుదించారు. ఎమ్మెల్సీ ఎన్నికల నియమావళి అమల్లో వున్న రోజులు. మైకుకు అనుమతి అక్కడ ఒక్కచోటే దొరికింది. సభవాళ్ళు ముందే కోరారట, డప్పులూ హార్మోనియం సర్దుకునే వ్యవధి లేదు, 'ట్రాక్' మీద పాడండి అని. ట్రాక్ అంటే పాఠకుల్లో కొందరికి తెలియకపోవచ్చు. వాద్యాలూ వంతా ముందే స్టూడియోలో రికార్డు చేసి పెట్టుకుంటారు. సెల్‌ఫోన్ నుంచి సౌండు బాక్సుకు కలుపుతారు. ముందు పాడే మనిషి ఒక్కరు మైకు పట్టుకుని నిలబడితే చాలు. ఎనిమిది మంది చేసే పని ఒకరితో అవుతుంది. డీజిల్ కలిసొస్తుంది.

పాట బ్రహ్మాండంగా వినిపించింది. శ్రుతి ఒక్క వెంట్రుక పక్కకి పోలేదు. వంతలో పన్నెండు గొంతులున్నట్టు వుంది. స్టూడియోలో అదే ముగ్గురి చేత నాలుగుసార్లు పాడించి కలిపారట. ఆ ముగ్గురూ మాత్రం హాలు చివర గోడకానుకుని తమ గొంతుల్ని తామే వింటున్నారు. మధ్య వరసలో ఒక ముసలాయన, పాత కార్యకర్త అయివుండాలి, రెండో పల్లవికి చేతులు కలిపాడు. ఆయన చప్పట్లు కొంచెం ఆలస్యంగా పడ్డాయి. మనుషులైతే ఆ చప్పట్ల కోసం ఒక అర మాత్ర ఆగేవాళ్ళు, లేదా డప్పు ఆయన్ని చెయ్యి పట్టి నడిపించేది. ట్రాక్ ఆగదు కదా. మూడో పల్లవికి ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు, పాట అయిపోయాక.

ట్రాక్ మీద పాడటాన్ని సాంకేతికతకు వ్యతిరేకంగా ఎవరో చాదస్తుడు చేసే ఫిర్యాదుగా తీసుకోవద్దని మనవి. గ్రామఫోను, టేపురికార్డరు, క్యాసెట్టు, వీటన్నిటినీ ప్రజా ఉద్యమాలు వాడుకున్నాయి, వాడుకోవాలి. గౌతం ఘోష్ 'మా భూమి' సినిమా రాకపోతే బండి యాదగిరి పాట, సుద్దాల హనుమంతు పాట తెలంగాణ దాటి మా గుంటూరు పిల్లల నోటికి అంత త్వరగా వచ్చేవి కావు. నా అభ్యంతరం వేరు. క్యాసెట్టు పాటను దూరం మోస్తుంది. ట్రాక్ మనిషి ఎదురుగా వుండగానే మనిషిని తప్పిస్తుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ చర్చే నడిచింది. బాధ్యుడి వాదన ఆర్థికమైనది. దాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం. డీజిల్ పోను మనిషికి ఆ రోజు మూడు వందల యాభై మిగిలింది. డప్పు పెదనాన్న పొలం పనికి పోయినా అంతకన్న ఎక్కువ వస్తుంది. "ఎనిమిది మందిని పోషించలేం మాస్టారూ, ట్రాక్ వుంటే ఇద్దరం స్కూటరు మీద తిరిగి పది ఊళ్ళు పాడతాం" అన్నాడు. పది ఊళ్ళలో ఇద్దరు పాడటమా, రెండు ఊళ్ళలో ఎనిమిది మంది పాడటమా? ఎవరి దగ్గరా సమాధానం లేక మజ్జిగ పోసుకున్నాం.

మన దేశంలో బృందగానం వేరే దారిలో కూడా నడిచింది. కలకత్తాలో రుమా గుహఠాకుర్తా ఆధ్వర్యంలో 1958లో యూత్ కాయర్ మొదలయింది. మన చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కాయర్‌ను కట్టాడు. వామపక్ష భావాలున్న సినీ సంగీత దర్శకుడు. భారతి కవితల్ని పలుగొంతుకల పాటగా మలిచాడు. 1988 మార్చిలో బృందగానం పని మీదే లక్షద్వీప్ వెళ్ళి అక్కడే చనిపోయాడు. అలాంటి బృందగానంలో ఒక గుంపు ఒక వరస పాడుతుంటే ఇంకో గుంపు ఇంకో వరస పాడుతుంది. ఏ ఒక్కరి పాటా విడిగా పూర్తి కాదు, కలిస్తేనే పాట. మనది అలా కాదు. మన దళాల్లో ముందు ఒక్కరు, వెనక అందరూ ఒకే వరసలో. దానిలో బలముంది, ప్రమాదమూ వుంది. వెనకవాళ్ళు ముందువాడి నీడలుగా మారిపోవటం ఆ ప్రమాదం.

2023 ఆగస్టులో గద్దర్ చనిపోయినప్పుడు మన పత్రికలు రాసిన సంస్మరణలు గుర్తు చేసుకోండి. గొంగడి, గజ్జె, కర్ర, ఒక్క గొంతు. ఆ గొంతు మహత్తరమైనదే, అందులో రెండో మాట లేదు. కానీ 1972లో పుట్టింది జననాట్యమండలి. దాని పేరులోనే మండలి వుంది. గద్దర్ పాట మధ్యలో ఆపి మాట్లాడేవాడు, చివరి మాట జనానికి వదిలేసేవాడు, మళ్ళీ అందుకునేవాడు. అలా ఆపగలిగాడంటే వెనక డప్పు, వంత ఆ ఖాళీని పట్టుకుని నిలబడ్డందువల్లే. ఆయన తర్వాత ఆయన వేషం కట్టినవాళ్ళు చాలామంది వచ్చారు. గొంగడి కప్పుకోవటం సులువు. వెనక ఆ నలుగుర్ని కట్టుకోవటం కష్టం. యూట్యూబులో ఇప్పుడు వస్తున్న ఉద్యమగీతాల కింద కవి పేరు, గాయకుడి పేరు, సంగీతం, ఎడిటింగు, కెమెరా అన్నీ వుంటాయి. కోరస్ అని ఒక మాట వుంటుంది, దాని ఎదురుగా పేర్లుండవు.

క్రోసూరు దాటేసరికి నాలుగయింది. రోడ్డుకు రెండు వైపులా కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయ. తేజ రకం. చూడటానికి పండగలా వుంది, కళ్ళం దగ్గర నిలబడ్డ రైతు మొహంలో పండగ లేదు. అంతకుముందు ఏడాది క్వింటాలు ఇరవై వేలు చూసిన కాయ ఆ రోజుల్లో బాగా కిందికి పడిపోయింది. (ఆ తర్వాతి వారంలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది.) ఇక్కడే ఒక వూరి పొలిమేరలో, కర్నూలు పడమటి మండలాల నుంచి కోతలకు వచ్చిన కూలీల గుడారాల దగ్గర చివరి కార్యక్రమం. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి ఏటా సంక్రాంతి దాటాక కుటుంబాలు కుటుంబాలుగా దిగుతారు. పొలం కౌలుకు చేస్తున్న రైతు మంచివాడే. "పాడుకోండి, మైకు మాత్రం వద్దు, నాకు తిప్పలు తేవద్దు" అన్నాడు.

అలా మైకు లేకుండా, ట్రాక్ లేకుండా, ఎనిమిది మందీ నిలబడ్డారు. కళ్ళానికి ఇరవై గజాల దూరం. మిరప ఘాటు తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. గట్టిగా ఊపిరి పీలిస్తే దగ్గు తెర. మొదటి పాట మొదటి చరణం చివర మా అమ్మాయికి గొంతు పట్టేసింది. నేను కంగారుపడ్డాను. దళంలో ఎవరూ కంగారుపడలేదు. ముగ్గురు వంతా పల్లవి అందుకున్నారు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. డప్పు కొంచెం దిగింది. ఆమె పక్కకి తిరిగి నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, మూడో పల్లవి చివర సరిగ్గా అడుగు పెట్టి రెండో చరణం ఎత్తుకుంది. వింటున్నవాళ్ళకు పాట ఆగినట్టే తెలియలేదు. పైపెచ్చు ఆ మూడుసార్లలోనే గుడారాల్లోంచి జనం బయటికి వచ్చారు, చంకలో పిల్లల్తో, చేతిలో పిండితో. రెండో చరణానికి పల్లవి వాళ్ళకు నోటికి వచ్చేసింది.

నేను పునరుక్తి అని పేరు పెట్టింది ఆ పిల్ల ఊపిరి.

అలాగని నా సమీక్షను మొత్తం చింపెయ్యను. మూడో పాట శ్రామికవర్గ చైతన్యం, దోపిడీ వ్యవస్థ అంటూ అచ్చు మనం వ్యాసాల్లో రాసే భాషలో నడిచింది. డప్పు ఎంత మోగినా జనం ముందుకు రాలేదు, ఒక్కరూ గొంతు కలపలేదు. ఆడవాళ్ళ కష్టాల మీద మగవాళ్ళు రాసిన పాట ఒకటి వుంది, అందులో ఆడది ఏడవటం తప్ప ఇంకో పని చెయ్యదు. దాని ఎదురుగా కూచున్న ఆడవాళ్ళు ఆ రోజు ఎండలో వంగి వంగి కాయ కోసి వచ్చినవాళ్ళు. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. రెండు చోట్ల డప్పు మాటల్ని మింగేసింది. ప్రజల పాటకు శ్రుతి ఎందుకు, ఆవేశం చాలు అని వాదించేవాళ్ళతో నాకు మొదట్నించీ పేచీనే. ఆవేశం వినపడాలంటే ముందు మాట వినపడాలి.

అసలు విషయం నాలుగో పాట దగ్గర జరిగింది. మిర్చి ధర మీద దళం అప్పుడే కట్టిన కొత్త పాట అది. పల్లవిలో మనమంతా రైతులం, మన పంటకు ధర పడింది, మనం కదలాలి అన్న అర్థం వస్తుంది. వరస బాగుంది, మాట తేలికగా వుంది, ఏ దోషమూ లేదు. రెండు పల్లవులు అయ్యాయి, జనంలో ఒక్క గొంతూ లేవలేదు. మొదటి పాటకు మూడో పల్లవిలోనే గొంతు కలిపిన మనుషులు.

తెలుగులో 'మేము', 'మనం' అని రెండు మాటలున్నాయి. మేము అంటే వింటున్నవాడు అందులో లేడు. మనం అంటే వున్నాడు. ఇంగ్లీషుకు ఈ తేడా తెలియదు, హిందీకి తెలియదు. మన పిల్లలకు ఇది ఎవరూ నేర్పరు, మూడేళ్ళకే వచ్చేస్తుంది. బృందగానానికి ఇంతకన్న పదునైన పనిముట్టు ఏ భాష ఇస్తుంది? కానీ మన అభ్యుదయ గీతాల్లో మనం అన్న మాటను ఎంత సులువుగా వాడేస్తున్నామో ఆ సాయంత్రం నాకు అర్థమయింది. మనం అనగానే ఐక్యత వచ్చిందనుకుంటాం. ఎదురుగా కూచున్నవాడు తను అందులో వున్నాడో లేడో తన లెక్క తను చూసుకుంటాడు. ఆ పంట వాళ్ళది కాదు. ఆ ధర వాళ్ళ కూలిని తగ్గించటానికి చెప్పే సాకు. వాళ్ళ నోరెలా లేస్తుంది?

మా అమ్మాయి అది గమనించింది. మూడో పల్లవి ఎత్తుకోకుండా ఆగి, అదే వరసలో పల్లవిని ప్రశ్నగా తిప్పేసింది. మనలో రైతు ఎవరు, మనలో కూలి ఎవరు అని. ఎవరూ రాసిచ్చింది కాదు. బాధ్యుడు హార్మోనియం మీది నుంచి తలెత్తి చూశాడు. వంత ముగ్గురూ ఒక్క క్షణం తడబడి, తర్వాత ఆ ప్రశ్ననే పట్టుకున్నారు. నాజర్ పక్కన నిలబడినవాళ్ళు చేసిన పని అదే అయివుంటుంది. ముందు వరసలో కూచున్న ఒక నడివయసు ఆమె పాటకు అడ్డం వచ్చి, మాటగానే అంది: "మాకూ రొండెకరాలుంది సార్. నీళ్ళే లేవు."

ఆ మాటతో పాట నా సమీక్షలనీ, బాధ్యుడి సూత్రాన్నీ కూడా దాటి వెళ్ళిపోయింది. ఇక్కడ కూలి, అక్కడ రైతు. నీళ్ళుంటే రైతు, లేకపోతే కూలి. మన వ్యాసాల్లో రెండు వర్గాలుగా విడదీసి రాసే ఇద్దరూ ఆమె ఒక్కతే. డప్పు ఆగింది. "మీ వూరి పాట ఒకటి పాడమ్మా" అన్నాడు పెదనాన్న. ఆమె సిగ్గుపడలేదు. పక్కనున్నవాళ్ళు తోస్తే లేచి పాడింది. తెల్లారుజామున ఇంటికి తాళం వేసి, తాళంచెవి ముసలితల్లి చేతిలో పెట్టి, మేకను ఆమెకు అప్పగించి, మూటలతో బస్సెక్కటం గురించి. కన్నడం కలిసిన తెలుగు. నాకు సగం మాటలు తెలియలేదు. దళం ఆమెకు వంత పట్టింది. మొదటిసారి తప్పు పట్టారు. ఆమె మధ్యలో ఆపి "అట్ల కాదు సార్, ఇట్ల" అని దిద్దింది. రెండోసారి కూడా తప్పే. మూడోసారి కుదిరింది. ఆ పుస్తకంలోని నలభై ఆరు పాటలు రాసిన బాధ్యుడు హార్మోనియం మూసి చప్పట్లతో తాళం వేస్తున్నాడు.

పాటయ్యాక నా వృత్తి అలవాటు కొద్దీ ఆమె కొడుకును ఏ క్లాసురా అని అడిగాను. వాడు నీళ్ళ బిందె దించి నా వైపు చూశాడు. "ఏడు. పేరు బళ్ళోనే వుంది సార్" అని ఆమే చెప్పింది. ఫిబ్రవరి నెల. మా బళ్ళో కూడా ఇలాంటి పేర్లున్నాయి. హాజరు పలికినప్పుడు ఎవరూ 'ప్రెజెంట్ సార్' అనరు.

తిరుగు ప్రయాణంలో బండిలో గొడవయింది. అది కూడా రాయాలి, మంచి పేరు కోసం దాచకూడదు. దళం కూచుని చర్చించి ఆమోదించిన పాటను అక్కడికక్కడ మార్చటం క్రమశిక్షణ కాదని బాధ్యుడు గట్టిగా అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. కౌలురైతు అక్కడే నిలబడి వున్నాడు. ఆయన కూడా మునిగినవాడే, అప్పుతో వున్నవాడే. ఆయన్నీ కూలీల్నీ ఆ ధరల రోజుల్లో పాటలో విడదీస్తే లాభం ఎవరికి? మధ్య దళారీకి. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. అమరావతి రోడ్డు కలిసే చోట అంది: "అందరం మనమే అంటే కూలి రేటు ఎవరు ఎవర్ని అడగాలన్నా?" పెదనాన్న నిద్ర నటించాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. పాట రూపం రీత్యా ఆ అమ్మాయి చేసింది సరైనదన్నాను. ఐక్యతను ముందే వున్నట్టు పాడటం కన్న, అది ఎక్కడ తెగి వుందో అడుగుతూ పాడటం మంచిదన్నాను. రాజకీయంగా బాధ్యుడి భయం ఉత్తదని నేను అనలేదు, ఇప్పుడూ అనను. ఆయన "విమర్శకులు రెండు వైపులా వంత పాడతారు" అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

పదకొండు దాటాక తెనాలి చేరాం. దిగేటప్పుడు బాధ్యుడు పుస్తకం రెండో ముద్రణ వేస్తున్నామనీ, ముందుమాట రాయమనీ అడిగాడు. రాస్తానన్నాను, రెండు షరతుల మీద. పల్లవి దగ్గర ఆ నిలువు గీతలు తీసేసి, ఎన్నిసార్లు పాడతారో అన్నిసార్లూ పూర్తిగా అచ్చువెయ్యాలి. లోపలి అట్ట మీద వంత పాడేవాళ్ళ, డప్పు కొట్టేవాళ్ళ పేర్లు వెయ్యాలి, మానేసినవాళ్ళవి కూడా. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "రెండు ఫారాలు పెరుగుతుంది మాస్టారూ. కాగితం ధర తెలుసుగా. చూద్దాం" అన్నాడు. వెనక నుంచి డిగ్రీ కుర్రాడు, ఇంటిపేరుతో సహా వెయ్యమన్నాడు.